సుప్రజ విన్న రాయి

కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని ఫిన్లండ్ వెళ్ళి తిరిగొచ్చిన మర్నాడే మా ప్రిన్సిపాల్‌గారు నన్ను గదికి పిలిపించి, పిల్లలచేత వాళ్ళ అనుభవాలు రాయించమన్నారు. మనిషికి రెండేసి పేజీలు, ఫోటోలతో సహా. ఏయే కంపెనీలు చూశారు, విశ్వవిద్యాలయంలో ఏం తెలుసుకున్నారు, అది భవిష్యత్తులో ఎలా ఉపయోగపడుతుంది. ఒంగోలులో ఫిజిక్స్ పాఠాలు మొదలుపెట్టినప్పటి నుంచి ఇలాంటివి ఎన్ని రాయించానో నాకే తెలియదు. అందరూ ఒకటే వాక్యం రాస్తారు, ఈ పర్యటన మా కళ్ళు తెరిపించిందని. తెరిచిన కళ్ళతో ఏం చూశారో మాత్రం ఒక్కరూ రాయరు.

ఈసారి ఆ తిప్పలు ఉండవనుకున్నాను. పొందిన అనుభవాన్ని మాటల్లో పెట్టకుండానే ఎదుటివాళ్ళకు ఇవ్వగల సాధనం ఒకటి మా పిల్లలు వెంట తెచ్చుకున్నారు. అది చీమకుర్తిలో ఒక వీధిలోకి వచ్చి ఏం చేసిందో చెప్పాలంటే ముందు ప్రయాణం సంగతి చెప్పాలి.

మేం వెళ్ళింది ఆ దేశానికి ఉత్తరాన ఉన్న ఒక చిన్న ఊరు. ఒంగోలులో కర్నూలు రోడ్డు పక్కన నేపాలీవాళ్ళ దగ్గర బేరమాడి కొన్న స్వెటర్లు వేసుకుని విమానం దిగాం. అవి అక్కడి చలికి పైపంచెపాటి కూడా పనికిరాలేదు. మొదటి రెండు రోజులూ కంపెనీలు చూశాం. ఒకచోట ఆసుపత్రుల్లో మందులు మోసే మరబండ్లు తయారుచేస్తారు. మనం ఎదురొస్తే అవే పక్కకు జరిగి దారి ఇస్తాయి. మా పిల్లల్లో చెన్నకేశవ వాటికి పదే పదే ఎదురెళ్ళి, ఒంగోలు బస్టాండులో జీవితంలో దొరకని మర్యాద అక్కడ దొరికిందని మురిసిపోయాడు. ఆ ఊళ్ళో మనుషులు మాత్రం తక్కువ మాట్లాడతారు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పేలోగా మనం ఒక టీ తాగొచ్చు.

మూడో రోజు విశ్వవిద్యాలయానికి వెళ్ళాం. అక్కడ తైస్తో అనే ప్రొఫెసరుగారు మమ్మల్ని లిఫ్టులో నేలలోపలికి తీసుకుపోయారు. ఊరి కిందంతా రాయేనట. మన భూమి వయసులో సగం వయసున్న గ్రానైట్. అందులోకి ఒక సొరంగం తవ్వి, గోడల నిండా చెవుల్లాంటి పరికరాలు అమర్చారు. రాయి అనేది కదలకుండా పడి ఉండే వస్తువు కాదని ఆయన చెప్పారు. పైనున్న బరువుకు, లోపలున్న వేడికి అది రోజంతా కాస్త కాస్త ఒదుగుతూ ఉంటుంది. ఆ కదలికల వేగం పెంచి మన చెవికి అందే చప్పుడుగా మార్చి వింటారు. మీలో గ్రానైట్ గురించి తెలిసినవాళ్ళున్నారా అని అడిగారు. మా పిల్లలంతా ఒక్కసారి సుప్రజ వైపు తిరిగారు.

సుప్రజది చీమకుర్తి. నల్లరాయికి పేరుపడ్డ ఊరు, రాయి నునుపు చేస్తే లోపల బంగారు రజను జల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. వాళ్ళ నాన్న సింగయ్య పెళ్ళికి ముందు నుంచీ క్వారీలో డ్రిల్లింగ్ మిషను పట్టాడు. ఆ మోతకు ఆయన చెవులు దాదాపుగా పోయాయి. ఇప్పుడు పాలిషింగ్ ఫ్యాక్టరీలో పలకలు ఎత్తించే పని చూస్తున్నాడు. సుప్రజ అంతా చెప్పలేదు, మా నాన్న రాయి కోస్తాడు అని మాత్రం చెప్పింది. తైస్తోగారు ఆమెకే ముందుగా చెవులకు తగిలించుకునే ఫోన్లు ఇచ్చారు.

ఆ పిల్ల వాటిని పెట్టుకుని గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. కాసేపటికి మిగతావాళ్ళు మా వంతు ఎప్పుడని గొణగడం మొదలెట్టారు. నేను దగ్గరికి వెళ్ళి భుజం తట్టేసరికి ఇటు తిరిగింది. మొహమంతా తడిసిపోయి ఉంది. ఏమైందని అడిగాను.

“మా నాన్న జీవితమంతా దీన్ని కోశాడు మేడం. ఇది లోపల ఇట్టా ఉంటదని ఆయనకు ఎవరూ చెప్పలా” అంది.

తర్వాత నేనూ విన్నాను. దూరంగా ఎక్కడో పెద్ద తలుపు నెమ్మదిగా మూస్తున్నట్టు, మధ్యమధ్య సన్నగా గాజు మీటినట్టు వినిపించింది. బాగానే ఉంది. నాకేమీ ఏడుపు రాలేదు. తైస్తోగారు మాత్రం ఆ పిల్లనే గమనించారు. పైకి వచ్చాక ఆమె ఏం చదువుతోందో అడిగి, తన దగ్గర రాళ్ళ చప్పుళ్ళ మీద పరిశోధనకు ఒక చోటు ఉందనీ, దరఖాస్తు పెట్టుకోమనీ చెప్పారు. మార్కులు అందరివీ ఒకటే కాబట్టి తాను ఒకే ఒక్క ప్రశ్న అడిగి మనిషిని ఎంచుకుంటానన్నారు. రాయిని నువ్వు ఎందుకు వినాలనుకుంటున్నావు, అంతే. హోటలు దగ్గర బస్సు దిగేముందు సుప్రజ నాతో, ఇది మొట్టమొదట మా నాన్నకు చెప్పాలి, ఎలా చెప్పాలో తెలియడం లేదు అంది. చెవులు వినబడని మనిషికి చప్పుడు గురించి ఎలా చెప్పాలో నాకూ తోచలేదు.

మర్నాడు చూసిన ఆఖరి కంపెనీలో దానికి దారి దొరికింది. అది పెద్ద కంపెనీ కాదు, నదీతీరాన పాత గోదాములో పది బల్లలు వేసుకుని నడుపుతున్నారు. ఇర్మా అనే తలనెరిసిన ఇంజనీరు మాకు ఒక పట్టీ చూపించింది. కళ్ళజోడు కాడలా చెవి వెనక పెట్టుకునేది. ఇచ్చేవాళ్ళొకటి, పుచ్చుకునేవాళ్ళొకటి పెట్టుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. ఇచ్చేవాళ్ళు తమకు గుర్తున్న ఒక సంఘటనను తలుచుకుంటారు. ఆ తలుచుకోవడంలో ఉన్న అనుభూతి ఎదుటివాళ్ళ మనసులోకి, సొంత జ్ఞాపకంలా వచ్చి కూర్చుంటుంది. ఎవరైనా ప్రయత్నిస్తారా అని ఇర్మా అడిగింది. సుప్రజ ముందుకొచ్చింది. ఎదురుగా కూర్చోవడానికి మిగతా పిల్లలు జంకడంతో ఆ కుర్చీ నాకు దక్కింది.

ఆ రోజు నాకు కలిగింది చెప్పాలంటే కొంచెం సిగ్గుగా ఉంటుంది. ముందు చీకటి, చల్లని గోడ. తర్వాత ఆ చప్పుడు. నేను విన్న చప్పుడే, కానీ ఈసారి అది నా ఎముకల్లో నుంచి వచ్చింది. ఇంత పెద్దది, ఇంత పాతది, ఇంత ఓర్పుగా ఉందే అని గుండె నిండిపోయింది. దాన్నంతా తెలుసుకుని తీరాలన్న ఆశ పుట్టింది, చిన్నపిల్లలకు పుట్టేలాంటి ఆశ. ఆ సంతోషం అడుగున, నేనెన్నడూ చూడని ఒక మనిషి మీద గొంతుదాకా ప్రేమ. కనురెప్పల మీద రాతిదుమ్ము పేరుకున్న మనిషి, పిలిస్తే పలకడు, మనవైపు తిరిగినప్పుడు మాత్రం నవ్వుతాడు. పట్టీ తీసేశాక సుప్రజ మొహంలోకి చూడలేకపోయాను. ఎవరింట్లోనో అడక్కుండా పెట్టె తెరిచి చూసినట్టయింది. రాయి వినబడిందా అని ఆ పిల్ల అడిగితే వినబడిందన్నాను. రెండోదాని సంగతి చెప్పలేదు.

ఇర్మా మా పిల్లలకు పట్టీలు ఇచ్చి, ఇంటికి తీసుకెళ్ళి కొన్నాళ్ళు వాడి చూడమంది. రాలేకపోయినవాళ్ళతో ఈ ప్రయాణాన్ని పంచుకోండి, దగ్గరివాళ్ళతో మాత్రమే సుమా అని హెచ్చరించింది. వాళ్ళ ఊళ్ళో అయితే ఎవరో ఒకరికి ఇస్తారట, భార్యకో అన్నకో. ఇవ్వాలా వద్దా అని నెలలు ఆలోచించేవాళ్ళూ ఉన్నారట. మా పిల్లలు తలలూపారు. దగ్గరివాళ్ళంటే మా వైపు ఎంతమంది అవుతారో ఇర్మా అడగలేదు, మాకూ చెప్పాలని తోచలేదు.

తీర్థం వెళ్ళొచ్చినవాళ్ళు మా జిల్లాలో ప్రసాదం ఎలా పంచుతారో తెలిసినవాళ్ళకు ఇక మిగతా కథ విడమరిచి చెప్పక్కర్లేదు. తెచ్చిన లడ్డూ ఒకటే అయినా వీధిలో ఏ గడపా వదలకూడదు. ఒక ఇంటికి ఇచ్చి పక్కింటికి ఇవ్వకపోతే ఆ మాట ఏడాదిపాటు నలుగుతుంది. చిటికెడైనా సరే అందరికీ అందాలి. ఇంట్లోవాళ్ళు ఆఖరున తీసుకుంటారు, పళ్ళెంలో పొడి మిగిలితే పొడే.

సుప్రజ ఫిన్లండ్ నుంచి వచ్చిందనగానే చీమకుర్తిలో వాళ్ళ వీధి వీధంతా అరుగు దగ్గర చేరింది. నేలలోపల రాయి పాడుతుందట, చెవి వెనక పట్టీ పెడితే వినబడుతుందట అని అప్పటికే పొక్కింది. ఆమె ముందుగా తండ్రినే పిలిచింది. సింగయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు. వచ్చినవాళ్ళకు ముందు ఇయ్యమ్మా, ఇంట్లో వాళ్ళం ఎక్కడికి పోతాం అన్నాడట. అలా మొదలైంది. మేనత్త రమణమ్మ తీసుకుంది, వీధి ఆడవాళ్ళు ముందుకు తోస్తే వాళ్ళమ్మ తీసుకుంది. క్వారీ మేస్త్రీలు స్నానాలు చేసి మరీ వచ్చారు. పక్క ఊళ్ళ నుంచి చుట్టాలు ఆటోలు కట్టించుకుని వచ్చారు. తండ్రి మాత్రం ప్రతిసారీ ఇంకా ఎవరో వస్తున్నారంటూ తన వంతు వెనక్కి జరిపాడు. ఆయన మొహంలో ఎంత గర్వమో చూడాలి, అని రమణమ్మ తర్వాత నాతో అంది. చెవులు పోయిన మనిషి ఇంటి ముందు చప్పుడు కోసం జనం వరసకట్టడం ఆయనకు పెళ్ళి చేసినంత సంబరంగా ఉందట.

ఇక్కడ కాలేజీలో నా సంగతి వేరుగా ఉంది. ఆ పట్టీ వల్ల నాకొచ్చినదాన్ని నేను దాచుకున్నాను. తరంగాల పాఠం నా నోటికి అరిగిపోయిన పాఠం. ఇప్పుడు అది చెబుతుంటే మధ్యలో ఆగిపోయి, ఇది మీకు ఆశ్చర్యంగా లేదా అని పిల్లలను అడుగుతున్నాను. వాళ్ళకు నా ఆరోగ్యం మీద అనుమానం వచ్చింది. కాలేజీ కోసం ఇర్మా ఇచ్చిన పట్టీల జత నా బ్యాగులోనే ఉండేది, కానీ నాలో ఉన్నదాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కదాన్నే కూర్చుని తలుచుకునేదాన్ని.

ప్రయాణం గురించి పిల్లలు మాట్లాడే సభ పెట్టినప్పుడు మొదటిసారి ఏదో తేడా కొట్టింది. చెన్నకేశవ మంచు గురించి మాట్లాడాడు. అది ఎంత చల్లగా ఉంటుందో అంకెల్లో చెప్పాడు గానీ, ఎవరో చలి ఎలా ఉందని అడిగితే, ఉండే ఉంటుందండీ అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత సుప్రజ లేచింది. సొరంగం లోతు, రాయి వయసు, పరికరాల పేర్లు, ఒక్కటీ తప్పు లేకుండా చెప్పింది. వార్తలు చదువుతున్నట్టు చెప్పి కూర్చుంది. సభ అయ్యాక ఆమెను పక్కకు పిలిచి, ఆ రోజు ఏడ్చావు కదా అన్నాను. అవును మేడం, ఏడ్చాను, గుర్తుంది అంది. ఎందుకు ఏడ్చావని అడిగాను. బాగుందని అయ్యుంటుంది అంది. ఆమె ఎందుకు ఏడ్చిందో నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నమే ఇర్మాతో మాట్లాడాను. తెర మీద ఆమె మొహం ప్రశాంతంగా ఉంది. సుప్రజ ఎంతమందికి ఇచ్చిందని అడిగింది. వీధికి ఇచ్చిందన్నాను. వీధి అంటే ఏమిటని అడిగింది. చెప్పాను. అప్పుడు ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

మనం ఒక సంగతి తలుచుకోవడమంటే అటక మీది డబ్బా కిందికి దించి, మూత తీసి, మళ్ళీ ఎక్కించడం లాంటిదట. మూత తీసి ఉన్నప్పుడే పట్టీ అందులోంచి తీసి ఎదుటివాళ్ళకు పెడుతుంది. ఒకసారో రెండుసార్లో అయితే తగ్గిన సంగతి తెలియదు. సుప్రజ వీధికంతా పెట్టింది. సంఘటన ఆమెకు గుర్తుంటుంది, అందులోని రుచి పోయింది, అడుగున ఏదో కాస్త మిగిలి ఉంటుంది, అంతే. మళ్ళీ నింపే దారి లేదా అని అడిగాను. పుచ్చుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వొచ్చు గానీ రెండు చిక్కులున్నాయంది. ఇంకొకరి నుంచి పుచ్చుకున్న జ్ఞాపకానికి వేళ్ళుండవు, ఒక్కసారి ఇస్తే మొత్తం ఊడి వచ్చేస్తుంది, ఇచ్చినవాళ్ళ దగ్గర ఏమీ మిగలదు. రెండోది, అది ఎవరి మనసులో కొన్నాళ్ళుంటే వాళ్ళ వాసన పట్టి వస్తుంది. చివరికి ఇర్మా, మేం అడిగి ఉండాల్సింది, మా దగ్గర ఎవరూ ఇంతమందికి ఇవ్వలేదు, ఇస్తారని మేం ఊహించలేదు అంది.

సుప్రజ పెట్టుకున్న దరఖాస్తుకు తైస్తోగారి దగ్గర నుంచి పిలుపు అప్పటికే వచ్చేసింది. ఎల్లుండి తెర మీద మాట్లాడాలి. ఆయన అడిగేది ఒకే ప్రశ్న, దానికి జవాబు ఆ పిల్ల దగ్గర లేదు. మర్నాడు పొద్దున్నే చీమకుర్తి బస్సెక్కాను.

వాళ్ళింట్లో విషయం చెప్పడానికి గొంతు చించుకోవాల్సి వచ్చింది. సింగయ్య ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి నేను అరుస్తుంటే వీధి వీధంతా విని వచ్చేసింది. ఆయన కనురెప్పల మీద నిజంగానే దుమ్ముంది. ఆయన నవ్వగానే నా లోపల ఏదో పొంగింది, నాది కాని ప్రేమ. తల వంచుకుని మంచినీళ్ళు తాగాను.

సంగతి అర్థమయ్యాక అరుగు మీద గోల మొదలైంది. తిన్నది ఎట్టా కక్కుతాం అని ఒకరు, పిల్ల నోటికాడిది తిన్నాం అని ఒకరు. రమణమ్మ అందర్నీ ఊరుకోమని ముందుకొచ్చింది.

“నాకిచ్చింది నాకెందుకమ్మా. తీసుకోవే తల్లీ, తీసుకో” అంటూ పట్టీ పెట్టుకుని సుప్రజ ఎదురుగా కూర్చుంది.

కాసేపట్లోనే సుప్రజ కెవ్వుమని పట్టీ లాగి పారేసింది. రమణమ్మ మొగుడు క్వారీలో మందు పేలినప్పుడు రాళ్ళ కింద పోయాడు. ఆమె మనసులో రాయి చప్పుడు ఏ చప్పుడు పక్కన చేరి కూర్చుందో వేరే చెప్పాలా. ఏమైందో ముందు అర్థమైంది రమణమ్మకే. ఆ పిల్లను గుండెకు హత్తుకుని, నాది నీకిచ్చానా అని ఏడ్చింది. ఆ తర్వాత ఎవరూ ముందుకు రాలేదు. వాళ్ళందరివీ క్వారీ బతుకులే. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

నేను కూర్చునే ఉన్నాను. అందరికంటే ముందు తీసుకున్నదాన్ని నేను. నిండుగా ఉన్నప్పుడు తీసుకున్నాను. రాయితో నాకు ఏ పగా లేదు. ఇవ్వాల్సిన మనిషిని నేనేనని బస్సెక్కినప్పుడే తెలుసు. కానీ నాకు ఇవ్వాలని లేదు. నిజం చెబుతున్నాను, నాకు అస్సలు లేదు. ఇది పోతే నేను మళ్ళీ అరిగిపోయిన తరంగాల పాఠం దగ్గరికి వెళ్ళాలి. బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసి, తీయకుండా అలాగే ఉన్నాను.

సుప్రజ చదువుకున్న పిల్ల, లెక్క తనకూ తెలుసు. వచ్చి నా పక్కన కూర్చుంది. అడుగుతుందనుకున్నాను, అడిగింది కూడా.

“మీ దగ్గరున్నది మా నాన్నకియ్యండి మేడం.”

నేను పొరపాటున విన్నాననుకున్నాను. నీకు గదమ్మా కావాల్సింది, రేపే గదా ఆయన మాట్లాడేది అన్నాను. మెల్లగా తలూపింది.

“నాన్నకి మొట్టమొదట ఇయ్యాలనుకున్నా. ఎందుకంతగా అనుకున్నానో ఇప్పుడు తెలీటంలా. అనుకున్న సంగతి మాత్రం గుర్తుంది. అందరికీ ఇచ్చి ఆయనకు ఇయ్యకపోతే ఎట్టా మేడం? నా దగ్గర అడుగున ఏదో ఉందన్నారు గదా, రేపు దాంతో నెట్టుకొస్తా.”

అంత మామూలుగా చెప్పింది, ఇంటికి ఎవరైనా వస్తే టీ ఇవ్వాలి కదా అన్నట్టు. ఏ ప్రేమతో ఆ మాట అనుకుందో ఆ ప్రేమ తన దగ్గర లేదు, మాట మాత్రం నిలబెట్టుకుంటోంది. ఆ ప్రేమ మొత్తం నా దగ్గర ఉంది. వేరే వీధి మనిషిని, ఎవరి తండ్రి మీదో ప్రేమను నాలో దాచుకుని తిరుగుతున్నాను. నాకు నా మీదే అసహ్యం వేసింది. జిప్పు తీశాను.

సింగయ్య వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని, తల గుడ్డ విప్పి వచ్చాడు. నట్టింట్లో కింద కూర్చుందాం అన్నాడు. ఆ ఇంటి గచ్చంతా ఫ్యాక్టరీలో పారేసిన నల్లరాయి ముక్కలతో వేసిందే. ఎదురుగా కూర్చుని ఆయన చెవి వెనక పట్టీ నేనే పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. ఆఖరిసారి చీకటి, చల్లని గోడ, ఆ తలుపు, ఆ గాజు. ఎంత నెమ్మదిగా తలుచుకున్నానో. దాని అంచుదాకా వెళ్ళి అక్కడ కాసేపు నిలబడ్డాను. తర్వాత అది నాలోంచి మెట్టు దిగి వెళ్ళిపోయినట్టయింది. కళ్ళు తెరిచేసరికి నా ముందు ఒక నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు, మా కాలేజీలో చదివే అమ్మాయి తండ్రి. నాకు ఆయన మీద గౌరవం తప్ప ఇంకేమీ లేదు.

ఆయన మాత్రం కదల్లేదు. కుడిచెయ్యి తనంతట తాను కిందికి వెళ్ళి రాతి గచ్చు మీద పరుచుకుంది. పసిబిడ్డ వీపు మీద పెట్టినట్టు అలా అరచెయ్యి ఆనించి ఉంచాడు. ఎన్నేళ్ళు ఆ చేత్తో మిషను పట్టి దాన్ని తొలిచాడో. కళ్ళలోంచి నీళ్ళు కారి, బుగ్గల మీది దుమ్ములో చారలు కట్టాయి. చాలాసేపటికి తల తిప్పి తలుపు వైపు చూశాడు. బయట అరుగు మీద సుప్రజ వీపు కనిపిస్తోంది.

“అది నన్ను ఇంతగా...” అని ఆగిపోయాడు.

నేను అవునన్నట్టు తలూపాను. ఆ మాటకు సాక్ష్యం చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, నాకూ ఇప్పుడది ఎవరో చెప్పగా విన్నట్టు గుర్తుందే గానీ మనసుకు తెలియదు. ఆయన నా వైపు చూసి, మీరు దీన్ని శానా భద్రంగా చూసుకున్నారు మేడం, ఎక్కడా నలగలా అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత ఆయన అడిగేది ఏమిటో ముందే అర్థమైంది. ఆయన దాన్ని కూతురికి ఇవ్వొచ్చా అని అడిగాడు.

ఇవ్వొచ్చని చెవిలో అరిచాను. అయితే మీ దగ్గర ఇంత కూడా మిగలదు, పైగా మీ వాసన పట్టి వెళుతుంది, అత్తది ఎలా వెళ్ళిందో చూశారుగా అన్నాను. నా గురించి దానికి తెలియనిది ఏముందిలే అన్నట్టు నవ్వాడు. కాసేపు గచ్చు నిమురుతూ ఆలోచించాడు. రేపు ఎన్నింటికి మాట్లాడాలని అడిగాడు. మధ్యాహ్నం దాటాక అన్నాను.

“అయితే ఈ పూట నా దగ్గరుంచుకుంటా మేడం. పొద్దున లేవగానే దానికిచ్చేస్తా.”

ఆ మాట చాలా మెల్లగా అన్నాడు. చెవులు పోయినవాళ్ళు గట్టిగా మాట్లాడతారు, ఆయన గుసగుసలాడినట్టు అన్నాడు. తర్వాత పట్టీ తీయకుండానే లేచి బయటికి నడిచి, అరుగు మీద కూతురి పక్కన కూర్చున్నాడు. సుప్రజ ఫోన్‌లో ఏదో చదువుకుంటూ, తలెత్తకుండానే కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.